కసువుదారి

కార్తీకంలో ముప్పై ఒక్క జ్వరాలు.
రుయా నుంచి వచ్చిన చీటీలు ముందేసుకుని
తిరుపతి మీద ఎర్రచుక్కలు గుచ్చుతున్నాను.
కొర్లగుంటలో ఆరు, ఆటోనగర్ వెనక రెండు,
జీవకోనలో తొమ్మిది,
మిగతావి ఏ పిల్లాడో ఉమ్మేసిన రేగ్గింజల్లా
ఎక్కడపడితే అక్కడ.

డాక్టర్ యుగంధర్ కళ్ళద్దాలు పైకి నెట్టి
"దీంట్లో కథేమీ లేదమ్మా మునికుమారీ" అన్నాడు.
నిజమే.
నీళ్ళగొట్టం వెంట నడవవు ఈ చుక్కలు,
మురుగుకాలవ పక్కన కూర్చోవు.
ఆధార్ కార్డులో ఏ వీధి రాసుందో
ఆ వీధిలో బుద్ధిగా నిలబడతాయి, అంతే.

జ్వరం కార్డు చూసి ఎక్కదు కదా మనిషికి.

పదిహేడో చుక్క పేరు చెంగమ్మ.
వార్డు చివరి మంచంలో, గోడవైపు తిరిగి.
మగడాక్టరు అడిగితే మచ్చలేమీ లేవంది.
తెర లాగి నేనడిగితే
కాసేపు ఫ్యాను వంక చూసి చీర పక్కకు జరిపింది:
మోకాలి మడత వెనక
చుట్ట కొసతో కాల్చినట్టు, నల్లగా, గుండ్రంగా,
నొప్పి కూడా లేని ఒక చుక్క.

నేను ఆఫీసులో కూర్చుని గుచ్చేవన్నీ నకళ్ళు.
అసలు పటం ఇక్కడుంది.
కంటికానని పురుగు
తాను కలిసిన గుర్తు పెట్టి మరీ పోయింది.

"యాడికి పోయినావు పెద్దమ్మా, జ్వరానికి పదిదినాల ముందర?"
"యాడికి పోతాను బిడ్డా, కసువుకే.
చీపుర్లు కట్టుకుంటే గదా పొయ్యి వెలిగేది."
ఫోన్లో కొండ చూపించాను.
పచ్చగా, ఖాళీగా, ఒక్క పేరూ లేకుండా.
"ఇదేం కొండమ్మా, పాచిపట్టిన గచ్చు మాదిరుంది."
దుప్పటి మీద వేలితో గీసింది:
ఇది కోతిగుండు. ఇది తేనెపట్ల చరియ.
ఇక్కడ సున్నపుబట్టీ, ఎప్పుడో కూలిపోయింది,
దాని పక్కన మోకాలెత్తు కసువు,
మేమంతా ఆడనే కూర్చుని సద్ది తింటాం.

మేమంతా అంటే?
వేళ్ళు మడిచింది.
కొర్లగుంట దేసమ్మ, ఆటోనగర్ కుప్పమ్మ, దాని మనవడు...

మనవడి దగ్గర వేలు ఆగిపోయింది.

పదకొండో చుక్క. ఎనిమిదేళ్ళు.
వాడి చీటీలో టైఫాయిడ్ అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.
వాడికంటే ఎక్కువ కాలం బతికింది ఆ ప్రశ్నార్థకం.

ఆ రాత్రి చుక్కల్ని ఇళ్ళలోంచి లేపాను.
పడుకునే చోటు నుంచి తీసి
పనిచేసే చోట పెట్టాను.
ముప్పై ఒకటిలో ఇరవైనాలుగు లేచి నడిచాయి,
చంకలో కొడవలి, చేతిలో సద్దిమూట,
ఒకదాని వెనక ఒకటి, తెల్లారుజాము చలిలో,
సున్నపుబట్టీ దగ్గరకు.
ఏడు రాలేదు. వాటి దారి నాకింకా తెలీదు.

మా అవ్వ చెప్పేది,
గంగజాతరకు చాటింపు పడితే
ఊళ్ళోవాళ్ళు ఊరు దాటకూడదని.
ఎందుకవ్వా అంటే
"గంగమ్మ లెక్క చూసుకుంటాదే,
ఎవురు యాడుండేదీ తెలిస్తేనే గదా కాపాడేది."

మాత్రలు పనిచేశాయి. నాలుగోరోజుకు
చెంగమ్మ లేచి కూర్చుని జడ వేసుకుంటోంది.
"పటంలో మమ్మల్ని పెట్టినావంట గదా బిడ్డా.
మంచిదే.
ఫారెస్టోళ్ళకు మాత్రం చూపించబాక."

మధ్యాహ్నం కలెక్టరాఫీసుకు పంపాలి.
సున్నపుబట్టీ మీద ఇరవైనాలుగు చుక్కలు,
ఒక్కో చుక్క కింద ఒక్కో ఇంటిపేరు,
ఒక్కో కొడవలి.

చాలాసేపు చూశాను.
తర్వాత చుక్కలన్నీ తీసేసి
ఒక వలయం గీశాను,
ఏ మనిషీ దొరకనంత పెద్దగా,
పురుగు మాత్రం తప్పించుకోలేనంత చిన్నగా.
మూడుసార్లు చెరిపి గీశాను.
ఇప్పటికీ ఆ గీత సరైన చోటే పడిందా అని
నిద్రలో లేచి కొలుస్తుంటాను.